ముల్లు ఎక్కడ పుట్టింది? మన చుట్టూ ఉన్న మొక్కల్ని గుర్తుపట్టడం గురించి

(మొక్కల మీద ఆసక్తి ఉన్నవాళ్ళ ఆదివారం సమావేశంలో, వృక్షశాస్త్రం బోధించి రిటైరైన ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను మాట్లాడుతూ ఉంటాను, ఈ బల్ల మీద ఉన్న నాలుగు కొమ్మల్నీ ఒకరి తర్వాత ఒకరు చూసి అందించండి. జాగ్రత్త, నాలుగింటికీ ముళ్ళున్నాయి. నిమ్మ, గులాబీ, రేగు, నల్లతుమ్మ.

గుచ్చుకోవడంలో నాలుగూ ఒకటే. కానీ ఆ ముల్లు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నిమ్మ కొమ్మలో ఆకు కాడకీ కొమ్మకీ మధ్య ఒక సందు ఉంది కదా, దాన్ని మన పాఠ్యపుస్తకాల్లో గ్రీవం అంటారు. ముల్లు అక్కడ ఉంది. మామూలుగా ఆ సందులో మొగ్గ ఉండాలి, ఆ మొగ్గ కొమ్మో పువ్వో కావాలి. అంటే నిమ్మ ముల్లు నిజానికి ఒక కొమ్మ. మన గేట్ల మీద పాకే కాగితం పూల తీగ ముల్లు కూడా అంతే.

ఇప్పుడు గులాబీ. దీని ముల్లుకి ఒక చోటంటూ లేదు. కణుపు దగ్గరా ఉంటుంది, రెండు కణుపుల మధ్యా ఉంటుంది. బొటనవేలితో పక్కకి తోస్తే టక్కున ఊడి వస్తుంది, కింద ఒక మచ్చ మిగులుతుంది. లోపలి పీచుతో దానికి సంబంధం లేదు, అది బెరడు మీద లేచిన పెరుగుడు మాత్రమే. రేగులో చూడండి, ఆకు మొదట్లో అటొకటీ ఇటొకటీ, జంట. అందులో ఒకటి నిటారుగా ఉంటే రెండోది కొక్కెంలా వంగి ఉంటుంది. రేగుకంపలో పడ్డ పంచె ఎందుకు రాదో ఆ వంకర ముల్లునడగాలి. నల్లతుమ్మలో కూడా జంటే, కానీ రెండూ నిటారు. ఈ జంట ముళ్ళు పత్రపుచ్ఛాలు. ఆకు మొదట్లో రెండు వైపులా ఉండే చిన్న రేకులు అలా ముళ్ళయ్యాయన్నమాట.

చూశారు కదా. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఈ ఒక్క విషయమే. ఒక భాగం ఎలా ఉందో చూసే ముందు అది ఎక్కడ ఉందో చూడండి. మనం సాధారణంగా దానికి తిరగేసి చేస్తాం. రంగు చూస్తాం, ఎత్తు చూస్తాం, ఆకు పెద్దదా చిన్నదా అని చూస్తాం. ఇవన్నీ నీళ్ళని బట్టీ, ఎండని బట్టీ మారిపోయేవే. పెంటకుప్ప మీద మొలిచిన ఉమ్మెత్త నడుమెత్తు పెరుగుతుంది, అదే ఉమ్మెత్త ఎండిన గట్టు మీద జానెడు ఉండగానే పూసేస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే కొత్తవాళ్ళు వేరు వేరు మొక్కలనుకుంటారు. కానీ పువ్వు ఏ చోట వచ్చింది, ఆకు కాండానికి ఎలా అతుక్కుంది అన్నవి రెండింట్లోనూ మారవు.

సరే, ఆకు దగ్గర మొదలుపెడదాం. ఆకంటే ఏది? వేప రెమ్మ పట్టుకుని ‘ఎన్ని ఆకులున్నాయి’ అని కాలేజీలో అడిగితే పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టేవాళ్ళు. ఆ మొత్తం కలిసి ఒక్కటే ఆకు. మీరు లెక్కపెట్టేవి పత్రకాలు. దీన్ని సంయుక్త పత్రం అంటారు. ఎలా తెలుస్తుంది? మళ్ళీ ఆ సందులోకే వెళ్ళాలి. మొత్తం ఆకు కొమ్మకు అతుక్కున్న చోట మొగ్గ ఉంటుంది, ఒక్కొక్క పత్రకం మొదట్లో వెతికితే ఏమీ ఉండదు. చింత, కానుగ, కరివేపాకు అన్నీ ఇదే తీరు. మునగలో ఈ చీలిక మూడోసారి దాకా వెళ్తుంది, అందుకే మునగాకు దూయడం అంత పని.

ఇప్పుడు దీన్ని చూడండి. నేల ఉసిరి. మీ అందరి పూలకుండీల్లోనూ పిలవకుండా వచ్చే మొక్క. చూడ్డానికి అచ్చం చింతాకులాగే ఉంది కదా, సన్నటి ఈనెకి రెండు వైపులా చిన్న చిన్న రేకులు. సంయుక్త పత్రమేనా? ఎవరో అవునంటున్నారు. రెమ్మని వెనక్కి తిప్పండి. అడుగున వరసగా గుండ్రటి బుల్లి కాయలు వేలాడుతున్నాయి. ఒక్కో కాయా ఒక్కో రేకు మొదట్లో నుంచి వచ్చింది. చింతాకు వెనక ఎప్పుడైనా కాయ చూశారా? చూడరు. పువ్వు వచ్చేది ఆకు గ్రీవంలో నుంచి. ఆ రేకు పక్కన కాయ కాసిందంటే, ఆ రేకే ఒక పూర్తి ఆకు, మనం ఆకనుకున్నది ఒక కొమ్మ. పెద్ద ఉసిరి చెట్టుదీ ఇదే వ్యవహారం. ఆ సన్న కొమ్మలు ఆకులతో సహా మొత్తంగా రాలిపోతాయి కాబట్టి అందరూ మోసపోతారు.

ఇంకొంచెం దగ్గరగా చూద్దాం, లెన్స్ ఉన్నవాళ్ళు తీయండి. నేల ఉసిరి అని అందరూ పీకి తెచ్చే వాటిలో కనీసం రెండు జాతులు కలుస్తాయి. ఒకదాని కాయ నున్నగా ఉండి చిన్న కాడతో వేలాడుతుంది, అది ఫిల్లాంథస్ అమారస్. రెండోదాని కాయ గరుకుగా, బుడిపెలతో, దాదాపు కాడ లేకుండా కొమ్మకే అంటుకుని ఉంటుంది, అది ఫిల్లాంథస్ యూరినేరియా. కామెర్లకి పసరు వాడేవాళ్ళు నన్ను చాలామంది అడుగుతుంటారు. వైద్యం సంగతి వైద్యులని అడగండి, అది నా పని కాదు. చేతిలో ఉన్నది ఏదో తెలియకుండా మాత్రం నోట్లో వేసుకోకండి.

ఆకు మొదలు ఎంత చెబుతుందో చూడాలంటే తంగేడు దగ్గరికి వెళ్ళాలి. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో గునుగుతో పాటు ఉండే పువ్వు, దీన్ని పరిచయం చేయక్కర్లేదు. కానీ పువ్వు లేనప్పుడు? దాని పక్కనే కసివింద, తగిరిస కూడా పెరుగుతాయి. మూడూ సెన్నా అనే ఒకే ప్రజాతివి, మూడింటికీ పసుపు పూలే. తంగేడులో ఆకు మొదట్లో చెవుల్లాంటి పెద్ద పత్రపుచ్ఛాలు రెండు ఉంటాయి, రాలకుండా అలాగే ఉండిపోతాయి. కసివింద, తగిరిసల్లో ఆ చెవులు కనబడవు. తర్వాత పత్రకాలు. తగిరిసకి మూడు జతలు, కొస గుండ్రంగా. కసివిందకి సాధారణంగా నాలుగైదు జతలు, కొస మొనదేలి. తంగేడుకి అంతకంటే ఎక్కువ జతలు, చిన్నవి.

ఇవి కూడా సందేహంగా ఉంటే గ్రంథులు చూడండి. ఆకు ఈనె మీద చిన్న మొటిమలా ఉంటాయి. తంగేడులో ప్రతి జత పత్రకాల మధ్యా ఒకటుంటుంది. తగిరిసలో కింది జతల మధ్య మాత్రమే ఉంటుంది. కసివిందలో అసలు పత్రకాల మధ్య ఉండదు, కాడ మొదట్లో ఒక్కటే ఉంటుంది. మూడు మొక్కల్లోనూ అదే గ్రంథి, ఉన్న చోటు వేరు. ఒక్కసారి చూస్తే ఇక జన్మలో మర్చిపోరు.

ఈ చిక్కుడు కుటుంబం చాలా పెద్దది. కందీ, శనగా ఒకవైపు, తుమ్మా అత్తిపత్తీ ఇంకోవైపు, తంగేడు, చింత మరోవైపు. నేను చదువుకున్నప్పుడు మూడు ఉపకుటుంబాలని పువ్వు ఆకారాన్ని బట్టి నేర్పారు, నేనూ అదే నేర్పాను. 2017లో ఈ కుటుంబం మీద పనిచేసేవాళ్ళు చాలా దేశాల నుంచి కలిసి డీఎన్‌ఏ ఆధారంగా దాన్ని ఆరు చేశారు. తుమ్మ, అత్తిపత్తి వెళ్ళి తంగేడు ఉన్న గుంపులో చేరాయి. చింత అక్కడి నుంచి బయటికొచ్చేసింది. పరీక్షలు రాసే పిల్లలకి కాస్త టెన్షనే, మనకి పర్వాలేదు. ఫీల్డులో మనం చూసే గుర్తులు అవే. నల్లతుమ్మ పువ్వులు పసుపుపచ్చ బంతులు, సర్కారు తుమ్మ పువ్వులు పొడుగాటి కంకులు. ఆ తేడా రోడ్డు మీద బస్సులోంచి కూడా కనబడుతుంది.

ఇక కాండం. తులసి కొమ్మని రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే నాలుగు అంచులు తగులుతాయి. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, పై జత కింది జతకి అడ్డంగా. శివుడికి పెట్టే తుమ్మిపూల మొక్కకీ అంతే. పువ్వుకి పెదవుల్లా రెండు భాగాలుంటాయి. ఇవన్నీ తులసి కుటుంబం గుర్తులు. ఇప్పుడు ఒక పెద్ద చెట్టుని తెచ్చి ఈ కుటుంబంలో పెడతాను, నమ్మరు. టేకు! లేత టేకు కొమ్మ పట్టుకుని చూడండి, నాలుగు పలకలు, ఎదురెదురు ఆకులు. పాత పుస్తకాల్లో టేకు వర్బినేసీ కుటుంబంలో ఉండేది, ఇప్పుడు తులసితో పాటు లామియేసీలో ఉంది. పుస్తకం అవసరం లేని గుర్తు కూడా ఒకటి చెబుతాను. లేత టేకాకుని అరచేతిలో నలపండి, చేయి ఎర్రగా అవుతుంది. పల్లెలో పెరిగినవాళ్ళు గోరింటాకు లేనప్పుడు ఈ పని చేసే ఉంటారు. అక్కడ ఇద్దరు నవ్వుతున్నారు, చేశారన్నమాట.

అయితే నాలుగు పలకలు కనిపించగానే తులసి కుటుంబం అని తీర్పు చెప్పేయకండి. అడవుల్ని కమ్మేస్తున్న పులికంప, అదే లాంటానా, దానికీ పలకలే, దానికీ ఆకులు ఎదురెదురే. అది వేరే కుటుంబం, పైగా ముళ్ళుంటాయి. పచ్చడి చేసుకునే నల్లేరుకీ నాలుగు పలకలే, అది ద్రాక్ష కుటుంబం. కనీసం మూడు గుర్తులు ఒక్కచోట కలవాలి. ఒక్క గుర్తుతో మనిషినే గుర్తుపట్టలేం.

నల్లేరు మాట వచ్చింది కాబట్టి నులితీగల సంగతి. పాకే మొక్కలన్నిటికీ నులితీగలుంటాయనుకుంటాం, ఒకేలా చుట్టుకుంటాయి. పుట్టిన చోట్లు చూడండి. నల్లేరు, ద్రాక్షల్లో అది ఆకుకి సరిగ్గా ఎదురుగా, కణుపుకి అవతలి వైపు నుంచి వస్తుంది. కాకర, దొండ, గుమ్మడి వీటిల్లో ఆకు పక్క నుంచి వస్తుంది. కంచెల మీద పాకే తెల్ల జుమికిలో గ్రీవంలో నుంచే వస్తుంది. బఠాణీలో ఆకు చివరి పత్రకాలే నులితీగలవుతాయి. అడవినాభిలో అయితే ఆకు కొసే సాగి చుట్టుకుంటుంది. పువ్వూ కాయా ఏమీ లేని తీగ చూపించినా, నులితీగ మొదలు చూసి సగం దారి వెళ్ళిపోవచ్చు.

పాలకీ ఇదే సూత్రం. గిల్లితే పాలు కారే మొక్కలు బోలెడు. జిల్లేడు, మర్రి, రావి, పనస, నానబాలు, జెముళ్ళు. పాలు ఉన్నాయని తెలిశాక ఆగిపోకుండా కొమ్మ మీద కణుపు చూడండి. మర్రి, రావి, మేడి, పనసల్లో లేత మొగ్గని ఒక పొర కప్పి ఉంటుంది, అది రాలినప్పుడు కొమ్మ చుట్టూ ఉంగరంలా ఒక గీత మిగులుతుంది. పాలూ ఉంగరమూ కలిస్తే మర్రి కుటుంబమే అనుకోండి. జిల్లేడులో ఆ గీత ఉండదు, ఆకులు ఎదురెదురు. ఇక జెముళ్ళలో నాగజెముడు గుచ్చితే పాలు రావు, జిగురు నీళ్ళు వస్తాయి. బొమ్మజెముడు గిల్లితే తెల్లటి పాలు. చూడ్డానికి రెండూ ఎడారి మొక్కలే, కానీ నాగజెముడు అమెరికా నుంచి వచ్చిన కాక్టస్, బొమ్మజెముడు మన నానబాలుకి బంధువు. గిల్లిన చేత్తో కళ్ళు తుడుచుకోవద్దు, జిల్లేడు పాలైనా జెముడు పాలైనా కంటికి ప్రమాదం.

వరి పొలాలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. అయితే ఇది మీకు నేను చెప్పడం కాదు, మీరే చెప్పాలి. నాటిన కొత్తలో వరిలో ఊద కలిసి ఉంటే దూరం నుంచి ఏదీ తెలీదు. అదే రంగు, అదే ఎత్తు. కలుపు తీసే ఆడవాళ్ళు వంగి చకచకా ఊదని మాత్రమే లాగేస్తారు. ఎలాగో అడిగితే ‘చూస్తే తెలుస్తుంది సార్’ అంటారు. వాళ్ళ కంటికి అలవాటైన తేడాలు చాలానే ఉండొచ్చు, మనకి మాత్రం ఒకటి చాలు.

గడ్డి జాతి మొక్కల్లో ఆకు అడుగుభాగం కాడని తొడుగులా చుట్టుకుని ఉంటుంది, పైకొచ్చి విప్పుకుని ఆకవుతుంది. ఆ విప్పుకునే మలుపు దగ్గర ఆకుని మెల్లగా వెనక్కి వంచండి. వరిలో అక్కడ తెల్లటి పల్చటి పొర నిలబడి ఉంటుంది, కొస రెండుగా చీలి. దాన్నే లిగ్యూల్ అంటారు. దాని పక్కన నూగుతో రెండు చిన్న చెవులు కాడని పట్టుకున్నట్టు వంగి ఉంటాయి. ఊదలో ఆ పొరా లేదు, ఆ చెవులూ లేవు. ఆ మలుపు నున్నగా, బోడిగా ఉంటుంది. మూడు నాలుగు ఆకుల మొక్కలో కూడా ఇది కనబడుతుంది. అయితే వరిలో కలిసే అడవి వరి దగ్గర ఈ చిట్కా పారదు, అది కూడా వరే కాబట్టి పొరా చెవులూ రెండూ ఉంటాయి. తుంగ అయితే ఇంత కష్టం లేదు, కాడని వేళ్ళ మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి, ఆకులు మూడు వరసల్లో వస్తాయి. గడ్డి కాడ గుండ్రం, ఆకులు రెండే వరసలు.

పువ్వుల గురించి ఇప్పటిదాకా ఎక్కువ మాట్లాడలేదని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. కావాలనే. అందరూ పువ్వు దగ్గరే మొదలుపెడతారు, ఏడాదిలో పూసేది కొన్నాళ్ళే. కానీ కుటుంబం తేలాలంటే పువ్వు కావాలి, అది నిజం. మందార పువ్వు మధ్యలో నిలబడే ఆ గొట్టం గమనించండి, పుప్పొడి ఇచ్చే కేసరాలన్నీ అతుక్కుని అలా అయ్యాయి. బెండ పువ్వులోనూ, పత్తి పువ్వులోనూ, గోంగూర పువ్వులోనూ అదే గొట్టం. నాలుగూ ఒకే ఇంటివి. వంకాయ తొడిమ మీద ఉన్న టోపీ చూడండి, అది మొగ్గని కప్పి ఉంచే రక్షక పత్రాలే, కాయతో పాటు పెరిగాయి. టమాటా మీద ఆకుపచ్చ నక్షత్రం కూడా అదే. పిల్లలు నుదుటి మీద కొట్టి టప్పుమని పేల్చే బుడ్డకాయ తెలుసు కదా, అందులో ఆ రక్షక పత్రాలే బుడగలా కాయ మొత్తాన్ని కప్పేశాయి. బంతీ చామంతీ పొద్దుతిరుగుడూ మాత్రం ఒక్కొక్కటీ ఒక పువ్వు కాదు, పువ్వుల గుంపు. బంతి పువ్వు విడదీసి పూజలో చల్లినప్పుడు మీ చేతిలో ఉన్నది రేకు కాదు, ఒక్కొక్కటీ ఒక చిన్న పువ్వు, అడుగున గింజ కూడా ఉంటుంది.

కేసరాల లెక్కతోనే మొత్తం మొక్కల్ని సర్దవచ్చని స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ అనుకున్నాడు. 1753లో వచ్చిన ఆయన పుస్తకంలో మొక్కలన్నిటినీ 24 తరగతులు చేశాడు. సులువుగా ఉంది కాబట్టి లోకమంతా వాడింది. కానీ దాని ప్రకారం మామిడీ వంకాయా ఒకే గదిలో పడ్డాయి, ఐదు కేసరాల గదిలో. నిజానికి మామిడి పువ్వులో పుప్పొడి ఇచ్చేది సాధారణంగా ఒక్క కేసరమే. లెక్క ఒక్కటే చూస్తే ఇలా ఉంటుంది. కేసరం దేనికి అతుక్కుంది, తర్వాత కాయయ్యే అండాశయం రేకుల పైన ఉందా కింద ఉందా, ఇవి చూడ్డం మొదలుపెట్టాక బంధుత్వాలు బయటపడ్డాయి. దోస ఆడపువ్వు చూడండి, పువ్వు విచ్చుకోకముందే కింద బుల్లి కాయ తయారుగా ఉంటుంది. అదే అండాశయం కింద ఉండటమంటే.

ఆ లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. మన కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగీ అని ఉండేది ఆయన పేరే. ఆయన తర్వాతి వాడు రాక్స్‌బర్గ్, 1780ల్లో మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా ఉండి చుట్టుపక్కల మొక్కల్ని సేకరించాడు, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల మీద పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. ఆ చిత్రాలు ఇవాళ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. పువ్వుని చీల్చి విడిగా పక్కన వేసిన బొమ్మలు చూడండి. నా మటుకు నాకు ఫొటో కన్నా అవే నయం.

కరివేపాకు మాట వచ్చింది కదా. ఆకుని ఎండకి ఎదురుగా పట్టండి, సూది గుచ్చినట్టు చుక్కలు కనిపిస్తాయి. నూనె గ్రంథులు. మారేడు, వెలగ, నిమ్మ ఆకుల్లోనూ కనిపిస్తాయి. ఇవన్నీ ఒకే కుటుంబం. వేపాకులో ఈ చుక్కలు కనబడవు, అంచుకి రంపపు పళ్ళుంటాయి, పత్రకం మొదలు రెండు వైపులా సమానంగా ఉండదు. తురక వేపని వేపనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. దాని ఆకు రెండు మూడు సార్లు చీలి ఉంటుంది, పువ్వులో ఊదా రంగు కనబడుతుంది.

నేను ఆపేస్తాను, ప్రశ్నలుంటే అడగండి.

ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే సరిపోదా అని అడుగుతున్నారు. పెట్టుకోండి, నేనూ వాడతాను. కానీ దానికి మీరు ఏం చూపిస్తారో దాన్ని బట్టే అది చెబుతుంది. అందరూ పువ్వుని పై నుంచి ఒక్క ఫొటో తీసి పంపుతారు. పక్క నుంచి తీయండి, వెనక నుంచి తీయండి, ఆకు అడుగు తీయండి, ఆకు కొమ్మకి అతుక్కున్న చోటు తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి, సైజు తెలుస్తుంది. అది పేరు చెప్పాక, ఆ పేరున్న మొక్కకి ఉండాల్సిన గుర్తులు మీ మొక్కకి ఉన్నాయో లేదో మీరే సరిచూసుకోండి.

ఆ అమ్మాయి చేతిలో ఏముంది? ఇటు తీసుకురామ్మా. ఇది మాచిపత్రి అని ఎవరో ఇచ్చారా? వినాయక చవితి పత్రిలో ఈ పొరపాటు పడటం తేలికే, ఆకు చీలికలు అలాగే ఉంటాయి. ఆకు వెనక్కి తిప్పు. మాచిపత్రి అయితే వెనక తెల్లటి నూగుండాలి, నలిపితే ఘాటు వాసన రావాలి. దీనికి ఆ తెల్లదనం లేదు. పైన చూడు, చిన్న తెల్ల పువ్వులు, లెన్స్ పెడితే ఒక్కో దాని అంచున ఐదు మూలలు కనిపిస్తాయి, బంతిలాగే ఇదీ పువ్వుల గుంపు. ఇది వయ్యారిభామ. 1950ల్లో పుణె దగ్గర గుర్తించారు, తర్వాత దేశమంతా పాకింది. చాలామందికి దీన్ని తాకితే ఒళ్ళు దురద, దద్దుర్లు వస్తాయి. అక్కడ కాగితం మీద పెట్టేయమ్మా. ఆ పక్కన కుళాయి ఉంది, సబ్బుతో చేతులు కడుక్కుని రా, ఈలోగా మిగతావాళ్ళు టీ తీసుకోండి.